ఐరాంపో రంగు

పండుగ మూడు రోజులుందనగా ఎర్మెలిందా పెదాలు పగిలి అట్టకట్టాయి. పునో కొండల చలిగాలికి పెదాలు పగలడం కొత్త కాదు. ఇవి మాత్రం తను ఊదే సికూ వాద్యం వెదురు గొట్టాల అంచు తగిలితే చాలు, నెత్తురు చిమ్ముతున్నాయి.

సికూను ఒక్కరే వాయించకూడదు. పాటలోని స్వరాలు సగం ఒకరి గొట్టాల్లో, సగం జతవాళ్ళ గొట్టాల్లో ఉంటాయి. ఒకరు ఊది ఆపగానే రెండోవాళ్ళు అందుకోవాలి. ఎర్మెలిందాకు జత ఆమె మేనత్త సాతుర్నినా. ఊరి ఆడవాళ్ళ బృందంలో అత్తకు పాతికేళ్ళ అనుభవం, ఈ పిల్లకు ఇదే మొదటి పండుగ. పెదాలు నయం కాకపోతే అత్త కూడా జత లేక ఇంట్లో కూర్చోవాల్సిందే.

"పెదాలేనా కోడలుపిల్లా అవి, ఎండిన తోలుముక్కలా?"

"చలిగాలి అత్తా."

"ఆ గాలి నా మొహానా కొడుతోంది. నాకేం కాలేదే!"

ఎర్మెలిందా నేల చూపులు చూసింది. సాతుర్నినా ఇంకేం అడగకుండా ఐరాంపో గింజలు తెచ్చింది. కొండమీది ముళ్ళమొక్క పండ్లలోంచి తీసి ఎండబెట్టిన నల్లటి గింజలవి, చూస్తే మట్టిబెడ్డల్లా ఉంటాయి. గిన్నెలో గుక్కెడు చన్నీళ్ళు పోసి చిటికెడు వేసింది.

చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అయినా ఎర్మెలిందా ఊపిరి బిగబట్టింది. ఒక్కో గింజ నుంచి గులాబీరంగు దారం ఒకటి కిందికి జారింది. చూస్తుండగానే గిన్నెలో నీళ్ళన్నీ గాఢంగా ఎర్రబారాయి. ఆ రాళ్ళలో, ఆ మంచులో, ఇంత రంగును ఎవరు దాచిపెట్టారో ఆమెకు ఎప్పటికీ అంతుబట్టదు.

"నోరెళ్ళబెట్టింది చాలు, చక్కెర నూరు. గరుకు తెలియాలి, గుచ్చుకోకూడదు."

నూరిన చక్కెరలో సాతుర్నినా గోరంత లామా జంతువు కొవ్వు కరిగించి కలిపింది. రంగునీళ్ళు మాత్రం రెండు చుక్కలే వేసింది.

"ఇంకో చుక్క వేస్తే చక్కెర కరిగి పానకమవుతుంది. అప్పుడు తాగడానికే."

తడిగుడ్డతో అట్టలు నానబెట్టి, ఆ గులాబీరంగు ముద్దను వేలికొనతో పెదాల మీద మెల్లగా గుండ్రంగా తిప్పసాగింది. పుండు మీద కారం చల్లినట్టయి ఎర్మెలిందాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

"నాకకు! ఇప్పుడు చెప్పు, ఏం చేశావు?"

పెదాలు అత్త చేతిలో ఉంటే అబద్ధం ఎలా వస్తుంది?

"నువ్వు చేలోకి వెళ్ళినప్పుడు నీ గొట్టాల వరుస కూడా తీసుకుని... రెండూ నేనే ఊదాను. వారం రోజులు."

వేలు ఆగిపోయింది.

"ఎందుకే?"

"నా వంతులో తప్పుతానేమోనని భయమేసింది అత్తా. పాటంతా నాకే వచ్చేస్తే నయమనుకున్నాను."

"ఇక నేనెందుకు? వెళ్ళి ఒక్కదానివే ఊదుకో," అంది సాతుర్నినా. అంటూనే గోరువెచ్చని గుడ్డతో పెదాలు తుడిచి, కొవ్వు పట్టించింది. "మూడు రోజులు ఊదకు, నవ్వకు. పండుగ పొద్దున పెరట్లోకి రా. జత కుదిరితే వెళదాం, లేదంటే లేదు."

ఎర్మెలిందా ఆ మూడు రోజులూ భయంతో సగమైపోయింది. అత్త చేత పండుగ మాన్పించిన పిల్ల అని ఊరంతా అంటే తలెక్కడ పెట్టుకోవాలి?

పండుగ పొద్దున పెదాలు నున్నగా, లేతగా ఉన్నాయి. సాతుర్నినా పలకరింపైనా లేకుండా మొదటి స్వరం ఊది ఆపింది. ఎర్మెలిందా అందుకుంది. నెత్తురు రాలేదు. అత్త, తను, మళ్ళీ అత్త. ఒంటరిగా ఊదినప్పుడు స్వరాలన్నీ సరిగ్గానే పలికాయి కానీ, ఇలా ఒళ్ళు గగుర్పొడవలేదు. పాట తన గొట్టాల్లో లేదు, అత్త గొట్టాల్లోనూ లేదు. ఇద్దరి మధ్యా ఖాళీలో ఎవరో మూడో మనిషి నిలబడి పాడుతున్నట్టుంది.

చివరికొచ్చేసరికి సాతుర్నినా గొట్టాలు దించేసి మేనకోడలి మొహంలోకి చూసింది.

ఆఖరి స్వరం ఎర్మెలిందా వరుసలో ఉంది. ఆ సంగతి ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. కానీ పాతికేళ్ళుగా అత్త ఈ పాటను ఒక్కసారైనా తన నోటితో ముగించలేదని ఇప్పుడే తట్టింది. ఏటేటా ఇలాగే, పక్కనున్న మనిషిని నమ్మి ఆగింది.

ఎర్మెలిందా కళ్ళు తుడుచుకుని, గొట్టం అంచు మీద పెదవి ఆనించి, ఆ స్వరం ఊదింది.