అత్తయ్య బిగించిన ఫాన్

నలభై నిమిషాలు. నా కంప్యూటర్ ఓపిక అంతే. ఆ తర్వాత చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. తెర నల్లబడుతుంది, అందులో నా మొహం కనబడుతుంది. ఆ సమయంలో అది చూడదగ్గ మొహం కాదని వేరే చెప్పాలా?

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా నేనొక వీడియో పంపాలి. కట్టబోయే లైబ్రరీ లోపల మనిషి నడుచుకుంటూ వెళ్తే ఎలా ఉంటుందో చూపించే ఒక్క నిమిషం వీడియో. నచ్చితే ఇక నెలనెలా పని ఇస్తామని డిజైన్ ఆఫీసు మేడం చెప్పింది. పాప పుట్టిన దగ్గర్నుంచి ఆరేళ్లుగా నేను పంపిన దరఖాస్తులు తూకానికి వేస్తే ఒక బస్తా అవుతాయి. మధ్యలో ఇంత ఖాళీ ఎందుకొచ్చిందని అడగకుండా పని ఇచ్చి చూసిన మొదటి మనిషి ఆవిడే. ఇది చేజారితే మళ్లీ దరఖాస్తు రాసే ఓపిక నాకు లేదు.

నేను చేయాల్సిందంతా అయిపోయింది. అల్మరాలు, కిటికీలు, కుర్చీల మీద పడే ఎండ, అన్నీ గీసేశాను. ఇక కంప్యూటర్ ఒక్కో దృశ్యానికీ వెలుగునీడలు లెక్కగట్టి అచ్చం ఫోటోలా తయారుచేయాలి. అలాంటి బొమ్మలు పదిహేను వందలు, ఒక్కోదానికి ఇంచుమించు నిమిషం. ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, నిజమే. కానీ నలభై నిమిషాలు పనిచేసి గంటసేపు చల్లారే యంత్రంతో ఆ పని శనివారానికి కూడా తెమలదు. అప్పటికి గురువారం పొద్దున తొమ్మిదయింది. మా ఆయన డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "వచ్చే ఏడాది కొత్తది కొందాంలే" అన్నాడు. ఆయన అదృష్టం, ఎదురుగా లేడు.

మూడోసారి ఆగినప్పుడు బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాను. నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మావాళ్లంటారు. అది అబద్ధం. ముక్కు దాకా రావడానికి దానికి నేను టైమిస్తేగా.

ఆ చప్పుడికి మా అత్తయ్య లోపల్నుంచి వచ్చింది. ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. మామయ్య పోయాక ఆయన ఫాన్ల రిపేరు షాపు మూసేయమని అందరూ సలహా ఇస్తే, ఆవిడ తాళం తీసి లోపల కూర్చుంది. నలభై ఏళ్లు కూర్చుంది. సీలింగ్ ఫాన్లు, టేబుల్ ఫాన్లు, కాయిల్ చుట్టడం దగ్గర్నుంచి రెక్కలు సరిచేయడం వరకూ అన్నీ ఆవిడే. రెండేళ్ల కిందట వేళ్లు సన్న తీగను పట్టలేమని మొరాయిస్తే షాపు మూసింది. అప్పట్నుంచి ఇంట్లో ఉంటూ, గోడ గడియారం చప్పుడు తేడాగా ఉందనీ ఫ్రిజ్ మూలుగుతోందనీ చెబుతూ నా ప్రాణం తీస్తోంది.

"ఏమైందే అమ్మాయ్?"

"ఏమవుతుంది అత్తయ్యా, వేడెక్కి చచ్చింది."

ఆవిడ వంగి కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి పెట్టింది. జ్వరం చూసినట్టు రెండు వైపులా తడిమింది. "పక్క రేకు విప్పు" అంది. విప్పాను. కళ్లజోడు సర్దుకుని లోపలికి చూసి, వెనక వైపు గుండ్రటి జాలీని వేలితో కొట్టింది. "ఇక్కడ ఫాన్ ఏది?"

"లేదు. కొన్నప్పట్నుంచీ అంతే."

"కన్నం పెట్టి ఫాన్ పెట్టలేదా? పొయ్యి రాజేసి కిటికీలు మూసుకున్నట్టుంది. లోపల ఆ చిన్న ఫాన్ ఎంత తిరిగితే ఏం లాభం, వేడంతా ఈ డబ్బాలోనే పొర్లుతోంది. దీనికి బయటికి తోసేది ఒకటి కావాలి."

నా దగ్గర వేరే ఉపాయం లేదు. ఆవిడ దగ్గర ఉంది. అంతకంటే ముఖ్యంగా, రెండేళ్లలో మొదటిసారి ఆవిడ గొంతులో షాపు నాటి గట్టితనం వినిపించింది. నోరు మూసుకుని ఆవిడతో కంప్యూటర్ షాపుకి బయల్దేరాను.

బయల్దేరే ముందు అత్తయ్య కుట్టుపెట్టెలోంచి దారం తీసి, ఒక స్క్రూ కన్నం నుంచి పక్క కన్నం దాకా కొలిచి ముడివేసుకుంది. ఆ దారాన్ని కంప్యూటర్ షాపు కౌంటర్ మీద పరిచి, "దీని సైజు ఫాన్ ఇవ్వు నాయనా" అంది. షాపతను స్కేలు పెట్టి చూసి బుర్ర గోక్కున్నాడు.

"పదిన్నర సెంటీమీటర్లు. అలాంటిది రాదు పిన్నిగారూ."

"రాకపోతే కన్నాలెందుకు చేశారు?"

అతనికి నవ్వొచ్చింది. "స్క్రూకీ స్క్రూకీ కొలిచారా? అయితే మీది పన్నెండు. మేం అంచుకీ అంచుకీ చెబుతాం." అని అరడజను ఫాన్లు ముందు పెట్టాడు. అరచేతి కంటే కాస్త పెద్దవి, చదరపు చట్రంలో నల్ల రెక్కలు. మొదటిది ఆన్ చేస్తే ఏడు రంగుల్లో వెలిగింది.

"ఇది గాలికా, బొమ్మలాటకా? తీసెయ్" అంది అత్తయ్య.

రెండోది చాలా స్పీడని అతను చెప్పాడు. తిప్పి చూపిస్తే ఈగల గుంపు లేచినట్టు మోత. "ఇది పక్కన పెట్టుకుని పనిచేస్తే మా కోడలికి పిచ్చెక్కుతుంది. ఆల్రెడీ సగం దూరం వెళ్లింది" అంటూ దాన్నీ తోసేసింది. తర్వాత ఒక్కొక్క ఫాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తిప్పింది. నడిమి బొడ్డుని పట్టుకుని అటూ ఇటూ కదిపి, వదులుగా ఉన్నవాటిని పక్కన పెట్టింది. చివరికి ఏ సోకూ లేని ఒకటి ఎంచింది. "వేగం చూడకూడదే. రెక్క లోతు చూడాలి. లోతుంటే నిదానంగా తిరిగినా గాలి ఎక్కువ తోస్తుంది, గోల ఉండదు."

షాపతను ఆ మాటకు తలూపాడు. డబ్బాలో పెడుతూ, "బిగించేటప్పుడు గాలి వైపు మాత్రం చూసుకోండి. బయటికి పోవాలి" అన్నాడు.

"నాకా చెప్పేది?" అంది అత్తయ్య. అతను పాపం, బిల్లు రాసిచ్చాడు.

ఇంటికొచ్చాక ఆవిడ తన స్క్రూడ్రైవర్ల సంచీ దులిపి తీసింది. కరెంటు తీగ పీకించింది. వేళ్లు వణుకుతున్నాయి కానీ స్క్రూ తల మీద డ్రైవర్ ఆనగానే ఆ వణుకు ఆగిపోవడం చూసి నాకు ఆశ్చర్యమేసింది. నాలుగు మూలలూ ఒకేసారి బిగించకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెం బిగించింది. ఫాన్ అందమైన మొహం బయటికి, మోటారు వీపు లోపలికి పెట్టింది. "మొహం ఎటుంటే గాలి అటు" అంది. నేను ఫాన్ ప్లగ్గుని కంప్యూటర్ లోపలి బోర్డులో గుచ్చాను. ఆన్ చేశాం. ఫాన్ తిరిగింది. అసలు చప్పుడే లేదు.

"వెనక చెయ్యి పెట్టి చూడు. గాలొస్తోందా?"

పెట్టెను బల్ల కింద గోడ వైపు తోసేసి, నేను చెయ్యి సందులోకి దూర్చాను. వెచ్చటి గాలి తగిలింది. "వస్తోంది అత్తయ్యా!" అని అరిచాను. ఇద్దరం కుర్చీల్లో కూలబడ్డాం. ఆవిడ మొహంలో వెలుగు చూసి, శుక్రవారం సంగతి దేవుడెరుగు, ఇవాళ్టికి ఇది చాలనిపించింది.

ఇరవై ఐదు నిమిషాలకు తెర నల్లబడింది.

ఇదివరకటి నలభై కూడా కాదు, ఇరవై ఐదు. నా తల ప్రాణం తోకకొచ్చింది. "టేబుల్ ఫాన్లు బాగుచేసినంత మాత్రాన అన్నీ తెలిసినట్టేనా? మీ సరదా కోసం నా పని నాశనమైంది!" అనేశాను. ఇంకా ఏదో కూడా అన్నాను, అది ఇక్కడ రాయను.

అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. లోపల గిన్నె చప్పుడు కూడా లేదు. నేను తెర ముందు కూర్చుని మేడంకి ఏమని రాయాలో ఆలోచించాను. 'అనివార్య కారణాల వల్ల' దగ్గర ఆగిపోయాను. ఏడుపొచ్చింది. పని పోతున్నందుకు కొంత, అన్న మాటకు కొంత.

పావుగంట తర్వాత అత్తయ్య చేతిలో పల్చటి కాగితం పీలికతో వచ్చింది. నా వైపు చూడలేదు. మోకాళ్లు నొప్పులని నెలరోజులుగా కింద కూర్చోని మనిషి, నేల మీద చతికిలబడి పెట్టెను ముందుకు లాక్కుంది. "ఆన్ చెయ్యి" అంది, అంతే.

చేశాను. ఆవిడ కాగితాన్ని పెట్టె వెనక పైభాగంలో, కరెంటు తీగ గుచ్చే చోట పెట్టింది. అక్కడ లోపల మొదట్నుంచీ ఉన్న ఫాన్ ఊదుతున్న గాలికి కాగితం రెపరెపలాడుతూ బయటికి ఎగిరింది. తర్వాత దాన్ని కిందికి, మేం బిగించిన ఫాన్ దగ్గరికి తెచ్చింది. కాగితం టక్కున జాలీకి అతుక్కుపోయింది.

"ఇటు రావే" అంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. "నీ చేతికి తగిలింది పై ఫాన్ గాలి. మనది ఆ వేడినే మళ్లీ లోపలికి లాక్కుంటోంది. బయట పారబోసిన కుడితి తెచ్చి మళ్లీ గిన్నెలో పోసినట్టు." ఫాన్ అంచును గోటితో తడిమి, కళ్లజోడు పైకి తోసి చూసింది. నలుపు మీద నల్లగా, ఆవగింజంత బాణం గుర్తు. అది లోపలికి చూస్తోంది. "టేబుల్ ఫాన్‌కి మోటారు వెనకుంటుంది, గాలి మొహం వైపు వస్తుంది. దీనికి మోటారు వైపే గాలొస్తోంది. నలభై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే అలా పెట్టేసింది." అని, ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. "షాపు కుర్రాడు చెబుతూనే ఉన్నాడు. నాకా చెప్పేది అన్నాను, చూశావా!"

నేను నవ్వలేకపోయాను. తప్పు ఆవిడ ఒక్కదానిదే కాదు, గాలి వస్తోందని అరిచింది నేను. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను, నీళ్లు నమిలాను, చివరికి "స్క్రూలు నేను విప్పుతాను" అని మాత్రం అన్నాను. పది నిమిషాల్లో ఫాన్ తిరగేసి బిగించాం. ఈసారి కాగితం పీలిక ఆవిడ వేళ్ల మధ్య నుంచి బయటికి ఎగిరి గోడకు తగిలింది.

తెర మీద వేడి చూపించే అంకె తొంభై ఎనిమిది దాకా పోయేది, ఇప్పుడు డెబ్బై ఒకటి దగ్గర ఆగి కూర్చుంది. నలభై నిమిషాలు దాటింది. గంట దాటింది. పాప స్కూలు నుంచి వచ్చి, బల్ల దగ్గరికి ఎవరూ రాకూడదన్న ఆర్డరు విని అలిగి పడుకుంది. పొద్దున లేచి చూస్తే బొమ్మలు వస్తూనే ఉన్నాయి. శుక్రవారం పదకొండున్నరకు పదిహేను వందలూ అయ్యాయి. పన్నెండుకి పది నిమిషాల ముందు వీడియో పంపాను.

రెండింటికి మేడం ఫోన్ చేసింది. అత్తయ్య వినాలని స్పీకర్ పెట్టాను. వీడియో బాగుందట, అల్మరాల మధ్య ఎండ మరీ బాగుందట. తర్వాత గొంతు మారింది.

"ఒక్క విషయం నిజం చెప్పండి. ఇంతకు ముందు చేసినాయన మెషీన్ ఆగిపోయిందంటూ ఆఖరి రోజు చేతులెత్తేశాడు. మీ మెషీన్ పెద్ద పని తట్టుకుంటుందా?"

అత్తయ్య చేతులు ఊపుతూ, బ్రహ్మాండంగా ఉందని చెప్పమంటూ సైగలు చేసింది. నేనూ అదే చెప్పబోయాను. ఆవిడ మొహం చూశాక నోరు రాలేదు.

"నిన్న నాలుగుసార్లు ఆగిందండి. మా అత్తయ్య వెనక ఒక ఫాన్ ఎంచి తెచ్చి బిగించింది. ముందు తిరగేసి బిగించాం. ఇంకా తొందరగా ఆగింది. నేను ఆవిడ మీద నానా మాటలూ అరిచాను. గాలి సరిగ్గా వస్తోందని చూసి చెప్పింది నేనే, అయినా ఆవిడ మీదే అరిచాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనకుండా నేల మీద కూర్చుని తప్పెక్కడుందో పట్టుకుంది. అప్పట్నుంచి ఇరవై గంటలు ఆగకుండా నడిచింది."

అయిపోయింది, నా నోరే నా పని తీసిందనుకున్నాను.

"మొన్నటాయన మూడు వారాలు అంతా బాగుందని చెప్పాడండి" అంది మేడం మెల్లగా. "సోమవారం ఆసుపత్రి భవనం ఫైళ్లు పంపిస్తాను. ఇది మూడు నిమిషాల వీడియో. మీ అత్తగారిని అడిగానని చెప్పండి."

ఫోన్ పెట్టేశాక అత్తయ్య నా వైపు గుర్రుగా చూసింది. "తిరగేసి బిగించామని ఊరంతా చాటాలా?"

"నేను అరిచానని కూడా చెప్పానుగా."

"అది మాత్రం ఎందుకు చెప్పావ్?"

"నిన్నట్నుంచి మీతో చెప్పలేక" అన్నాను. "తప్పయింది అత్తయ్యా."

ఆవిడ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచింది, అద్దాలు శుభ్రంగానే ఉన్నా సరే. మళ్లీ పెట్టుకుంది.

"మూడు నిమిషాలంటే ఎన్ని బొమ్మలే?"

"నాలుగున్నర వేలు."

ఆవిడ వంగి పెట్టె ముందు వైపు పలకను వేళ్లతో నెమ్మదిగా తడిమింది, ఒక చోట ఆగింది. "అయితే ఒక్కటి చాలదు. చల్లగాలి లోపలికి తెచ్చేది కూడా కావాలి. ఇక్కడ చోటుంది" అంది. "పద, చెప్పులేసుకో."