మేష్టారి కర్ర

సమోష్ నది గట్టు తెంచుకుని మా సత్మార్‌లోకి వచ్చిన ఏడాది అది. నీళ్లు తీసిన రెండు నెలలకు రెబ్ కల్మన్ మేష్టారు పోయారు.

నేను చదివింది మూడేళ్లు, ఆయన దగ్గరే. తర్వాత వడ్రంగంలో పెట్టారు. ఆ మూడేళ్లూ రోజూ పొద్దున్నే ఆయన మా చేత ఒక మాట చెప్పించేవారు: నన్ను యూదుడిగా పుట్టించినందుకు, స్వామీ, నీకు దండం. గదిలో పద్నాలుగు మందిమి ఒకే గొంతుతో అరిచేవాళ్లం. యుద్ధంలో మా వాళ్లని రైళ్లెక్కించి చావు శిబిరాలకి తీసుకుపోయాక, ఆ పద్నాలుగు మందిలో తిరిగొచ్చింది నేనొక్కణ్ణే. మేష్టారూ వచ్చారు. ఆయన కొడుకులు రాలేదు.

వచ్చాక లీపా అన్న యూదు పేరు తీసేసి లాయోష్ అయ్యాను. గుమ్మానికున్న దేవుడి మాటల డబ్బా ఊడదీసి ఆ చోట రంగు పూశాను. మేష్టారు ఎదురొస్తే వీధి దాటి అవతలికి పోయేవాణ్ణి. ఆయన అక్కడినుంచే కేకేసేవారు, "లీపా, తిన్నావురా?" అని. వీధంతా వినేది. నేను నడక పెంచేవాణ్ణి.

బుధవారం మధ్యాహ్నం ఫైవెల్ వచ్చాడు. మా వాళ్ల చావు పనులు చూసే పెద్దాయన.

"పెట్టె నువ్వే చెయ్యాలి. రేపు పదకొండింటికి మట్టి చేస్తాం."

"సరే అన్నా."

చీకటి పడేలోపు చేశాను. అంత శ్రద్ధగా ఏదీ చెయ్యలేదు.

గురువారం పొద్దున ఫైవెల్ వచ్చి పలకల మీద చెయ్యి రాశాడు. చెయ్యి ఒక చోట ఆగింది.

"ఇవేంట్రా?"

"మేకులు."

"ఇనుమా? యూదుడి పెట్టెకి ఇనుమా? చెక్కా, మట్టీ, అంతే కదరా! మీ నాన్నని దేంతో పంపావు?"

మా నాన్నకి పెట్టె లేదు. ఆ సంగతి ఆయనకే గుర్తొచ్చింది. తల దించుకున్నాడు.

"మర్చిపోయాను" అన్నాను.

మేకులన్నీ పీకాను. ఇక కర్ర చీలలు కావాలి. పలకలు పచ్చివి. వాటిలో పచ్చి చీల కొడితే ఎండాక ఊడిపోతుంది. ఎండు చీల అయితే పలకలోని తడి పీల్చి ఉబ్బి బిగుసుకుంటుంది. వరద తడపని ఎండు కర్ర ఊళ్లో ఎక్కడుంది?

"మేష్టారి గోడకి ఉంది," అన్నాడు ఫైవెల్. "పైన మేకుకి. నీళ్లు కిటికీ దాకే వచ్చాయి."

అక్షరాలు చూపించే కర్ర అది. గజం పొడవు, చిటికెనవేలు లావు, ఇనుములాంటి చేవ. ఫైవెల్ వెళ్లి తెచ్చాడు. రంపం పెట్టబోయి ఆగాను.

"కొయ్యరా."

"దీన్నా?"

"ఇంకెవరికి చూపిస్తారు అక్షరాలు? నీ వేళ్ల మీద పడీ పడీ బాగా గట్టిపడి ఉంటుందిలే, కొయ్యి."

కోశాను. పదహారు చీలలయ్యాయి. మేకులు పీకిన బెజ్జాలనే బరమాతో పెద్దవి చేసి ఒక్కొక్కటీ దిగ్గొట్టాను. ప్రతి దెబ్బకీ మేష్టారు నా వేళ్ల మీద కొట్టినట్టే ఉంది. చీల ఒక్కటీ కదల్లేదు.

పదకొండింటికి మట్టి చేశాం. కొడుకు చదవాల్సిన ప్రార్థన నన్ను చదవమన్నారు. ఫైవెల్ ఒక్కో మాటా అందిస్తే నేను అన్నాను. సగం నుంచి అందించాల్సిన పని లేకపోయింది. ఎప్పుడు గుర్తొచ్చిందో నాకే తెలియదు.

తిరిగొస్తుంటే ఫైవెల్ జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. మేష్టారి గుమ్మానిది.

"సోమవారం ఆ ఇంట్లోకి వేరేవాళ్లు దిగుతారు. ఇది కూడా తడవలేదు. నీకేమైనా పనికొస్తుందా?"

చెయ్యి చాపాను.

మర్నాడు పొద్దున్నే లేచి గుమ్మానికి పూసిన రంగు గీకాను. కింద పాత బెజ్జాలు రెండు అలాగే ఉన్నాయి. డబ్బా పెట్టి సుత్తి అందుకున్నాను. ఎదురింటి ఇలోనా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"పొద్దున్నే ఏం కొడుతున్నావయ్యా లాయోష్?"

"లీపా" అన్నాను.

రెండో మేకు కూడా కొట్టి, చెయ్యి దాని మీద పెట్టి, మేష్టారు రోజూ పొద్దున్నే చెప్పించిన ఆ మాట పైకే అన్నాను. తర్వాత పనికి పోయాను.