ఆకుపచ్చ తలుపున్న మేడ

రేవిన్ ముందున్న మూడంతస్తుల మేడ జానెడు ఎత్తుంది. క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో అసలు మేడ ఇప్పుడు లేదు, భూకంపానికి కూలిపోయింది. రైలు బొమ్మల క్లబ్బువాళ్ళు పాత ఊరిని బల్ల మీద మళ్ళీ కడుతున్నారు. ఈ మేడకు మాత్రం తనే రంగులు వేస్తానని పట్టుబట్టి ఇంటికి తెచ్చుకుంది రేవిన్. దాని పై అంతస్తులోనే ఆమె చెల్లెలు గ్లెనిస్ ఏళ్ళ తరబడి గౌన్లు కుట్టింది. భూమి కదిలిన రోజు గ్లెనిస్ ఏదో పనిమీద బయటికి వెళ్ళింది. పక్క మిషను మీద కుట్టే కొలీన్ లోపలే ఉండిపోయింది.

అప్పటినుంచి గ్లెనిస్ ఊరి నడిబొడ్డుకు పోలేదు. కొలీన్ పేరు ఆమె నోట రాలేదు. తోడబుట్టింది లోలోపల కుమిలిపోతుంటే ఏ అక్క చూస్తూ ఊరుకుంటుంది? మాటలతో కాలేదు కనక మేడను తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. గ్లెనిస్ దానివంక చూడకుండా టీ కాచుకునేది, చూడకుండానే తాగేది.

ఆవేళ రేవిన్ ఇటుకల సందుల్లోకి పల్చటి నల్లరంగు దించి గుడ్డతో తుడిచింది. కిటికీల కింద వానచారలు గీసింది. తలుపు దగ్గరే బోల్తా పడింది. దాచుకున్న అసలు తలుపు రంగు పెచ్చును పక్కన పెట్టుకుని, అచ్చం అదే ఆకుపచ్చ కలిపి వేసేసింది. చిన్న బొమ్మ మీద అసలు రంగు ముదురుగా కనబడుతుంది, కాస్త తెలుపు కలపాలని క్లబ్బులో కొత్తవాళ్ళకు చెప్పేది తనే. పంతులమ్మే పాఠం మరిచింది.

“తలుపు అలా ఉండేది కాదు,” అంది వెనకనుంచి గ్లెనిస్.

రేవిన్ పెచ్చు ఎత్తి చూపింది. “అదేనే. కావాలంటే పెచ్చు చూడు.”

“పెచ్చెవడిక్కావాలి? రోజూ రోడ్డవతలనుంచి చూసినదాన్ని నేను. ఇంత ముదురుగా ఎక్కడుండేది? తెలుపు కలపలేదు కదూ?”

“మర్చిపోయానే. ముసలిదాన్నయిపోయాను.”

“ఇవాళ కొత్తగా అయ్యావా ఏంటి! జరుగు.”

గ్లెనిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. తలుపు దిద్దింది. గుమ్మం అంచు అరిగినట్టు రంగు గీకింది. తర్వాత గోరంత మనుషులున్న డబ్బాలోంచి ఒక ఆడమనిషిని తీసి, కోటుకు నిమ్మపండు పసుపు పూసింది.

“కొలీన్ కోటు, అక్కా. దూరాన్నుంచే కళ్ళు జిగేలుమనేవి. ఎంత ఏడిపించేదాన్నో దాన్ని.”

ఆ పేరు విని రేవిన్‌కు కళ్ళు నిండిపోయాయి. ఎంత సంతోషమో అంత భయం కూడా వేసింది. బొమ్మను పట్టకారుతో మెల్లగా అందుకుని పై కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది.

“మిషను దగ్గర కూర్చోబెట్టనా?”

గ్లెనిస్ కిటికీకి చెయ్యి అడ్డం పెట్టింది.

“లోపలొద్దక్కా. బయట పెట్టు. బాగా దూరంగా పెట్టు.”

రేవిన్ బొమ్మను రోడ్డు దాటించి చెట్టు పక్కన నిలబెట్టింది. జిగురు ఆరేదాకా గ్లెనిస్ దాన్ని పట్టుకునే కూర్చుంది.