జేబుల పిన్ను

దేవదాస్ బావ మా మేనత్త కొడుకు. వాళ్ల తాత చేపల పడవకు కట్టిన పాత మోటర్ అటక మీద దొరికితె, దించుకచ్చి మా బట్ట నేసే సాంచల షెడ్డుల పెట్టిండు. గా మోటర్ నిజాం కాలంల నీళ్లు సూసినట్టుంది, మల్ల సూడలే. విప్పితె లోపట కందిరీగలు. మూడు తరాల కాపురం. పొమ్మంటె ఇంటిపన్ను రసీదు సూపెట్టినయ్.

"బామ్మర్దీ, దీన్ని బతికిద్దాం. డ్యాంల మొదటిసారి ఇద్దరం కల్సే పోవాలె. నువ్వు లేంది మోటర్ లేపే తాడు ముట్ట," అని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు బావ.

ఎండకాలమంత గదే పని. తుప్పు గీకింది నేను, కార్బురేటర్ కడిగింది నేను. బావ లైటు పట్టిండు. ఆయన లైటు పడితె పక్కింటోళ్ల గోడ మస్తు కనపడ్డది.

ఒకనాడు మోటర్‌ను మా అవ్వ నీళ్లు పట్టే డ్రమ్ముల ముంచి తాడు గుంజితె, లేసింది! గా పొగకు మా వాడకట్టు దోమలన్ని వేములవాడకు మొక్కు తీర్చుకోను పోయినయ్.

ఒక్కటే తక్కువ. నీళ్లల్ల తిరిగే రెక్కకు ఒక చిన్న పిన్ను ఉంటది. రెక్క రాయికి తగిల్తె గా పిన్ను ఇరిగి, ఇంజన్‌ను కాపాడుతది. మా దాంట్ల లేకుంటె ఇనుప మొలను కోసి పెట్టినం.

"ఐతారం పోదాం. పొద్దుగాల నువ్వు కరీంనగర్ పోయి అసలు పిన్ను పట్టుకరా. డ్యాం కాడ నీ కోసం సూస్తుంట," అన్నడు బావ.

కరీంనగర్ల దుకాండ్లన్ని తిరిగిన, దొరకలే. ఒక లేత్ మిషన్ కాడ కూసొని ఇత్తడిది చేపిచ్చిన. జేబుల పెట్టుకొని డ్యాం కట్ట ఎక్కేసరికి సప్పుడు ఇనచ్చింది. మూడుసార్లు దగ్గి సాఫైతది మా మోటర్. నీళ్ల నడుమ పడవల బావ. ఆయన ముంగట, ఆయనకు పెండ్లి ఖాయమైన పిల్ల హర్షిణి. ఒడ్డు మీద రెండు దిక్కుల సుట్టాలు, మా అవ్వ సుత.

"మా అల్లుడు ఒక్కడే బాగు జేసిండట," అంటున్నడు పిల్ల తండ్రి.

గంతల్నే పడవ ఆగింది. నీళ్లల్ల మునిగిన ఊరి గోడకు తగిలి మొల ఇరిగినట్టుంది. ఒడ్డు మీదోళ్లందరు నా దిక్కు తిరిగిండ్రు. అవ్వ అందరికంటె ముందు.

"ఏం జేసినవ్ ర, నాగరాజు?"

"నేనిప్పుడే బస్సు దిగిన, అవ్వా!"

చేపలోళ్ల తెప్ప అడుక్కొని పోయిన. మోటర్ పైకి లేపి కొత్త పిన్ను ఎక్కిచ్చిన.

"నన్నెందుకు ఇడిసిపెట్టినవ్ బావా?" అని మెల్లగ అడిగిన.

"నువ్వుంటె ఏదో ఒక కోతిపని జేస్తవ్. అత్తగారోళ్ల ముంగట ఇజ్జత్ పోతది," అని గుసగుస పెట్టిండు. మల్ల హర్షిణి దిక్కు తిరిగి గట్టిగ, "సూసినవా? వీడే పిన్ను తీసి జేబుల దాసుకున్నడు! చిన్నప్పటి సంది గింతే."

హర్షిణి నన్ను సూసి పడిపడి నవ్వింది. "మస్తు పరేషాన్ జేస్తవ్ నువ్వు!"

నేను ఏం జెయ్యకుంట నవ్విచ్చుడు గదే మొదలు.

తెప్పల కూసున్న. ఇంజన్ వేడి మీదున్నప్పుడు చోక్ గుంజొద్దు, పెట్రోల్ నిండి ఇంక లేవది. గది లైటు పట్టెటోనికి తెల్వది. బావ చోక్ మొత్తం గుంజిండు. తాడు అందుకొని నా దిక్కు సూసిండు.

నేను తెప్ప తిప్పుకున్న.

ఒడ్డు దాక ఎనుకంగ తాడు గుంజే సప్పుడు ఇనపడుతనే ఉండె. గుంజుతున్నది నా తల మీద ఒట్టేసిన చెయ్యే.