కుమారస్వామి ఇంటి వాలు

పొద్దున లేవంగనే కుమారస్వామి ఫోన్ చూస్తాడు, సరోజన పప్పుగిన్నె చూస్తుంది. గిన్నెలో పప్పు ఒక పక్కకు చేరిందంటే, మొగుడు మళ్ళీ పైసలన్నీ ఒక్క కంపెనీ షేర్లలోనే పోసిండన్న మాట. మట్టెవాడలో ఆ ఇంటి తీరే అంత. పోస్టాఫీసులో కొంత, బంగారంలో కొంత, చిట్టీలో కొంత ఉన్నన్నాళ్ళు నిటారుగా నిలబడేది. అంతా ఒక్కచోట చేరితే ఒరిగేది. పాలుపోసే సోమక్క గిన్నెను తనే వంచి పట్టుకుని పోసి పోయేది.

కుమారస్వామి నేసే మగ్గానికే వచ్చింది చిక్కు. నేల వాలితే పడుగు దారాలు వదులై, జంపఖానా ఒక అంచు పొడుగు, ఒక అంచు పొట్టి. "పరుచుకునేందుకా, పతంగి ఎగిరేసేందుకా?" అని సరుకు కొనే సేటు తిప్పి పంపిండు. ఒక్క బట్టలో ఏడు రంగులు కలిపే మనిషి, పైసల కాడ ఒక్క రంగునే పట్టుకు వేలాడేవాడు. తన తెలివికి తనకే దండం పెట్టాలనిపించేది.

సరోజన రెండు మోకాళ్ళ ఆపరేషన్‌కని బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసుకున్నారు. ఆ సంగతి తెలిసే వచ్చిండు ఆమె తమ్ముడు వినయ్.

"బావా, ఈ షేరు కొంటే మూడు నెలల్ల డబల్. మా గ్రూపుల అందరు కొంటాన్రు."

"నువ్వు కొన్నవా?"

"నా కాడ పైసలేడియి బావా?"

ఆ జవాబొక్కటే చాలు, అనుమానపడేందుకు. కుమారస్వామికి మాత్రం అది అణకువలా వినబడింది.

"నా మోకాళ్ళ పైసలు ముట్టకు," అంది సరోజన. "పోయినా ఏడ్వనంత పెట్టుకో, గంతే."

"ఫికర్ జెయ్యకు. పదిశాతం పడంగనే అమ్మేస్త."

"పోయినసారి సగానికి పడ్డా అమ్మకపోతివి గదా!"

మర్నాడు ఫిక్స్‌డ్ విప్పి, సగం పైసలతో షేర్లు కొన్నాడు. మిగతా సగంతో కూడా కొందామని ఫోన్ మీద వేలు పెట్టబోతుండగా ఇల్లు ఒక్క ఊపున వంగింది. ఫోన్ మగ్గం గుంతలో పడింది. ప్లాస్టిక్ కుర్చీలో బియ్యం ఏరుతున్న సరోజన, కుర్చీతో సహా జారి, కడప దాటి, వాకిట్లో ఆగిన ఆటోకు తగిలి ఆగింది.

"యాడికి చిన్నమ్మా?" అన్నాడు ఆటో అతను.

"దవాఖానకు పోనియ్యి బిడ్డా," అని చాట పక్కనబెట్టి ఆటో ఎక్కింది. "ఏమయ్యో, మిగిలిన పైసలు వట్టుకొని ఎంటనే రా!"

ఆ సగంతో ఒక్క మోకాలికే ఆపరేషన్ అయింది. మంచం పక్కన కూర్చుని కుమారస్వామి షేర్ పడుడు చూశాడు. పదిశాతం దాటింది, సగం దాటింది. "మళ్ళ లేస్తది," అనుకుంటూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నేల సాపుగా ఉంది. సరోజనకు ఆశ్చర్యమేసింది.

"బుద్ధొచ్చి తలా ఇంత పంచినవా ఏంది?"

"పంచుడేందే," అన్నాడు కుమారస్వామి తల గోక్కుంటూ. "ఒరగనీకి బరువే లేకపాయె."

 ఆమె కొత్త మోకాలి మీద ఆని కడప దాటింది. "ఒక్కటన్న దక్కిచ్చినవు తల్లీ," అంటూ గోడను ప్రేమగా నిమిరింది.

మొగుని దిక్కు చూడను కూడా చూడలేదు.