కూర్మనాథం నీడ

పొద్దున్న ఐదింటికి కూర్మనాథం ఫోన్లో అలారం మోగుతుంది. పెళ్లాం త్రిపురసుందరి లేస్తుంది. ఆయన లేవడు. అరసవల్లిలో ఆ ఇంట్లో రోజూ ఇదే భాగోతం. ఆవిడ వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి లోపలికొచ్చేసరికి కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుంది. ఆయన నీడ లేచి, ఒళ్లు విరుచుకుని నడకకి బయల్దేరుతుంది. ఆయన దుప్పటి లాక్కుని అటు తిరుగుతాడు.

పాలు పోసే లక్ష్మణమ్మ రోజూ అడిగేది.

"అయ్యగోరి నీడ వంతెన కాడ కనపడ్డాదమ్మా. అయ్యగోరేరీ?"

"తొంగున్నారు," అనేది సుందరి, గిన్నె ముందుకు తోస్తూ.

అసలేమీ చెయ్యని మనిషైతే ఆవిడ ఎప్పుడో వదిలేసేది. వీధి రామాలయంలో నవమి ఊరేగింపుకి పల్లకీ ముందు బొంగు మొయ్యడం తాతల నాటి నుంచీ ఆ ఇంటి హక్కు. కిందటేడు కూర్మనాథం భుజమ్మీంచి బొంగు జారితే, పెదనాన్న కొడుకు ఉమాపతి అందుకున్నాడు.

"వచ్చేడు కూడా ఇలాగే అయితే బొంగు మా ఇంటికొదిలీరా తమ్ముడూ," అన్నాడు అందరిలో. పెద్దలు ఊకొట్టారు.

అప్పట్నించీ ఈయనకి కసరత్తు పిచ్చి పట్టింది. ఫోన్లో చూసినవన్నీ మొదటిరోజే చేసేశాడు. మర్నాడు తల దువ్వుకోడానికి చెయ్యి లేవలేదు. నెల్లాళ్లు ఇల్లంతా బామ్ వాసన. తర్వాత పూనకం వచ్చినట్టు లేచి, సరిగ్గా ఆపిన దగ్గర్నించే మొదలెట్టి మళ్లీ మంచమెక్కాడు. ఆ పైన కొత్త బూట్లు కొని నాగావళి గట్టున పరుగులు.

"మోసేది భుజంతోటి కదండీ. పరుగెందుకు?" అంది సుందరి.

"నీకేటి తెలుసు? స్టామినా."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

బుద్ధంతా నీడకే ఉంది. నడకయ్యాక అది పెరట్లో ఇసుక కుప్ప దగ్గర నిలబడేది. నీడ బరువునే నీడ ఎత్తగలదు, అసలు బరువు ఎవరైనా ఎత్తితేనే దాని నీడ లేస్తుంది. అందుకని వచ్చి సుందరి కాళ్ల దగ్గర తచ్చాడేది.

"ఆయనకి సేసే సాకిరీ సాలక ఆయన నీడకి కూడానా," అని విసుక్కుంటూ ఆవిడ సంచిలో కాస్త ఇసుక పోసి కుడిభుజానికెత్తుకుంది. నీడ సంచి నీడని ఎత్తుకుంది. ఇద్దరూ పెరడు చుట్టొచ్చారు.

ఆ బరువు అలవాటయ్యాక నీడ కుప్ప వైపు చెయ్యి చూపించేది, ఆవిడ ఓ దోసెడు పోసేది. ఎక్కువ పోస్తే నీడ కదిలేది కాదు. మధ్యమధ్యలో ఓ రోజు జామచెట్టు కింద పడుకుని ఎంత పిలిచినా లేచేది కాదు. "నీకూ ఆయన జబ్బేనా?" అని తిట్టేది సుందరి. మర్నాడు ఎత్తితే సంచి తేలిగ్గా ఉండేది, ఇక పడుకున్నందుకు తిట్టడం మానేసింది. చెల్లెలింటికని రాజాం వెళ్లి చాలా రోజులకి తిరిగొస్తే, కాస్త ఇసుక తీసేదాకా నీడ ఆవిడని సంచి ముట్టనివ్వలేదు. నవమి నాటికి సంచి పోయి బస్తా వచ్చింది. ఆవిడ తిట్లు మాత్రం తగ్గలేదు.

నవమి ముందురోజు కూర్మనాథం కంగారుపడి, ఏడాది కసరత్తంతా ఆ ఒక్కరోజే చేశాడు.

సాయంత్రం ఎండలో పల్లకీ లేచింది. వీధి మలుపులో, ఎత్తు ఎక్కేచోట ఆయన భుజం వణికింది. ఉమాపతి చెయ్యి చాపాడు. ఆ క్షణాన నీడ ఆయన కాళ్లు వదిలి, హారతి పళ్లెంతో వస్తున్న సుందరి దగ్గరికొచ్చి, రోజూలాగే నిలబడింది.

"నా కర్మ," అంది సుందరి. "జరగండి."

పళ్లెం మొగుడి చేతిలో పెట్టి, కొంగు దోపి, బొంగు కింద కుడిభుజం ఆనించింది. పల్లకీ కుదుటపడింది. ఉమాపతి చెయ్యి అలాగే ఉండిపోయింది. అందరూ గుడిపెద్ద సూరయ్య వైపు చూశారు.

"ఆ ఇంటి భుజమ్మీదే ఉన్నాది కదా. నడవండి," అన్నాడాయన.

ఆ ఏటి నుంచీ ముందు బొంగు త్రిపురసుందరిదే.

నవమి మర్నాడు ఐదింటికి అలారం మోగింది. సుందరి కదల్లేదు. ఎండొచ్చాక చూస్తే నీడ ఆవిడ పక్కన వెల్లకిలా పడుకుని ఉంది. పాలమనిషి పిలుపుకి కూర్మనాథమే గిన్నె పట్టుకుని, నీడ లేకుండా వాకిట్లోకొచ్చాడు.

"అమ్మగోరేరీ?" అంది లక్ష్మణమ్మ.

"తొంగున్నాది," అన్నాడాయన మెల్లిగా, గిన్నె ముందుకు పట్టి.