నడిమి తూము

ఆశ్వయుజము కడపటి దినములలో నొక యపరాహ్ణమున ధూమ్రవర్ణ మేఘమాలికా సంఛాదితమైన గగనమునకును దానిక్రింద నిశ్చలముగా బఱచుకొనియున్న సరోజలమునకును నడుమ మేర తెలియరాక లోకమెల్ల నొక్క బూడిదవన్నె కలవలె నుండెను. కొంగలు ఒంటికాలిపై నిలిచి కునికిపాట్లు పడుచుండెను. తుఫాను రానున్నదని పట్టణమునుండి వార్త వచ్చియుండెను గాని నీలాటిలంక వాసులకు వార్తతో బని లేదు. చేపలు అడుగు బట్టినవని వారు ప్రొద్దుననే చెప్పుకొనిరి.

ఆ లంకకును మెఱకకును నడుమ బూర్వ మొక మట్టికట్ట యుండెడిది. అది యేటేట వఱదకు గరగిపోవుచు నేటేట మఱల బోయబడుచు ప్రజల సొమ్మును బూడిదలో బోసిన పన్నీరు గావించుచుండెను. కట్ట తెగినపుడెల్ల లంకలో నెవరో యొకరు నీటి పాలగుచుండిరి. ఎట్టకేలకు సర్కారువారి కనికరము కలిగి విశాలాక్షి యను నింజనీరు వచ్చి ఱాతిపరుపుతో నున్నతమైన బాటను గట్టించి దాని క్రింద నైదు తూములు విడిపించెను. "నీళ్లతో పోట్లాడకండయ్యా, దారి ఇవ్వండి. అప్పుడే బాట నిలుస్తుంది" అని యామె కనబడినవారి కెల్ల జెప్పెడిది. అందఱును తలలూపిరి. మన జనులకు దల యూపుటకంటె సుకరమైన పని లేదు గదా.

తూములలో నీరు వడిగా బాఱును. వడి గల చోట చేప యుండును. కావున వెదురుబద్దలతో నల్లిన చేపలబోనులను, అచటివారు మావులనియెడు వానిని, నెల తిరుగకమున్నే తూములకు గట్టిరి. వానికి దగులుకొనిన గుఱ్ఱపుడెక్క దళసరియై నీటిని నిలువరించుచున్నను గూరకుండల కళకళ నెవడు కాదనగలడు? అదిగాక ఒకరి మావును వేఱొకరు ముట్టరాదని వారి కులకట్టు. ముట్టినవాని వల యేడుతరములు వట్టిదగునట.

నడిమి తూమునందలి మావు ఏడుకొండలుది. అతడు దానిని గట్టిన చలికాలముననే దోనె బోల్తాపడి సరస్సులో గలిసిపోయెను. అతని భార్య నాంచారమ్మ ఆ మావును దీయలేదు. చివికిన బద్దను మార్చుచు దెగిన త్రాటిని ముడివేయుచు ప్రతి యుషస్సునను మంచుతెరల నడుమ నొడ్డున గూర్చుండి దానిపై జేయి వైచియుండెడిది. ప్రవాహపు వడికి బద్దలు చేతిక్రింద నదరును. నీటిలోపలి నుండి మగడే యావలికొసను బట్టుకొనియున్నాడని యామెకు దోచెడిది. ఆ కొంచెము సేపే యామెకు సంసారము. లంకవా రది యెఱిగియు నొక్కమాట యనరైరి.

ఆ యపరాహ్ణముననే గాలి మేల్కొన్నది. విశాలాక్షి మెఱకనుండి పరుగున వచ్చి మావులన్నియు దీయుడని కేకలు వేయగా ఎవరిది వారు విప్పుకొనిరి. నడిమిది మాత్రము నిలిచెను. జనులు పిల్లలను జంకల నిడుకొని బాటపై దాటుచుండగనే నీరు ఒకవైపున ఱొమ్మెత్తు పొంగగా నడిమి తూముకడ బరుపుఱాళ్లు ఒక్కటొక్కటిగా జాఱసాగెను. లంకలో నింకను సగముమంది యుండిరి.

"ఆ మావు తీయండయ్యా! బాట తెగిపోతుంది!" అని విశాలాక్షి యఱచెను.

కులపెద్ద పోతురాజు తల వంచుకొనెను. "మేం ముట్టకూడదండీ అమ్మగారూ. అది ఏడుకొండలుది. తీస్తే నాంచారమ్మే తియ్యాలి. తియ్యమని ఆ పిల్లతో ఏ నోటితో చెప్పమంటారు?"

చావు నెత్తికెక్కుచున్న వేళ గూడ మర్యాద చూపిన ఆ మూర్ఖుల దలచుకొనిన గోపమును వచ్చును, కన్నీరును వచ్చును.

మూట నెత్తిన బెట్టుకొని వచ్చుచున్న నాంచారమ్మ యామాట వినెను. వెనుక లంకదరిని నలుగురు మోయుచున్న మంచముపై ఏడుకొండలు తల్లి శేషమ్మ గోనెపట్టా కప్పుకొని ముడుచుకొనియుండుట చూచెను. మూట దింపి కొడవలి చేత బట్టి నడుమునకు ద్రాడు గట్టుమని పోతురాజున కెదుట నిలిచెను. త్రాటిని బట్టుటకు ఏ కులకట్టును అడ్డు రాదు గావున బదుగురు పట్టిరి.

ఆమె నీరు వెలువడువైపున దిగి కడపటి ముడి దక్క త్రాళ్లన్నియు గోసెను. మావు కదలలేదు. దానిపై జేయి వైవగా బద్దలు ఎప్పటివలెనే యదరెను. వాన చప్పుడు దూరమై మంచుతెరల యుషస్సు ఆమెచుట్టు గమ్ముకొన్నట్లయ్యెను. ఆ క్షణమున నామెకు గట్టు తలపునకు రాలేదు, లోకము తలపునకు రాలేదు. చేయి యెత్తుట కామె మనస్సు ఒప్పలేదు.

"ఇంక వదులయ్యా" అనెను మెల్లగా. "అత్తని దాటించాలి."

కడపటి ముడి తెగెను. గుఱ్ఱపుడెక్కతోడను బురదతోడను మావు వెలికుఱికి యొక్కమాఱు నీటిపై నిలువున లేచి ఆ బూడిదవెలుగులో గలిసిపోయెను. పదుగురును ద్రాటిని లాగి యామెను బైకి దీసిరి. నీరు నడిమి తూమున నార్చుచు బాఱెను. ఱాళ్లు జాఱుట నిలిచెను.

మంచము మెల్లగా బాట నడుమకు వచ్చెను. ముసలిది పట్టా తొలగించి తడిసి వడకుచున్న కోడలిని జూచి క్రింద హోరున బాఱు నీటిని వినెను.

"పోయాడా?" అని యడిగెను.

"పోయాడత్తా."

మగడు మునిగిననాడు రాని యేడ్పు నాంచారమ్మకు నపుడు వచ్చెను. మంచపుకోడు పట్టుకొని యామె గొంతెత్తి యేడ్చెను. శేషమ్మ కోడలి తలను గడుపున కదుముకొని తానును నేడ్చెను. మోయువారు మంచమును దింపలేదు, తొందరింపలేదు. నీటికైనను నేడ్పునకైనను దారి విడిచిన కట్టయే నిలుచును. వారి ప్రక్కగా లంకజనులు బిడ్డలతో గోళ్లతో కుండలతో ఒకరివెనుక నొకరు మెఱకకు దాటిపోవుచుండిరి.